పుట్టిన నేల, ఆడిన జట్టు: క్రికెట్ అర్హత నిబంధనల చరిత్ర

అంతర్జాతీయ క్రికెట్‌లో ఒక ఆటగాడు ఏ దేశం తరఫున ఆడవచ్చునన్న ప్రశ్నకు నేడు లిఖితపూర్వకమైన సమాధానం ఉంది. అతడు ఆ దేశంలో పుట్టి ఉండాలి, లేదా ఆ దేశ పౌరుడై ఉండాలి, లేదా నిర్ణీత కాలం అక్కడ నివసించి ఉండాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా అర్హత లభిస్తుంది. చదవడానికి ఇంత సులువుగా ఉన్న ఈ సూత్రం రూపుదిద్దుకోవడానికి ఒక శతాబ్దానికి పైగా పట్టింది. జట్టు మారిన ఆటగాడిని అవకాశవాదిగానో, మరీ కోపం వస్తే దేశద్రోహిగానో చూడటం అభిమానులకు అలవాటే అయినా, ఈ మార్పులను కాలక్రమంలో పరిశీలించినప్పుడు, ఆటగాడిని కదిలించింది చాలాసార్లు అతడి సొంత గడ్డ మీద ఆటకు మూసుకుపోయిన దారే అని తేలుతుంది. ఆ దారులను తెరిచే అధికారం, మూసే అధికారం ఎప్పుడూ బలమైన బోర్డుల చేతిలోనే ఉన్నాయి.

పుట్టుక, నివాసం అన్న రెండు కొలమానాలు దేశాల మధ్య పోటీల కోసం పుట్టినవి కావు. ఇంగ్లండులో జిల్లాల వంటి పాలనా విభాగాలను కౌంటీలంటారు. ఆ కౌంటీల పేరుతో ఏర్పడిన క్రికెట్ సంఘాలు డబ్బిచ్చి ఆడించుకొనే మంచి బౌలర్ల కోసం పోటీపడుతూ, ఒకే ఆటగాడు ఒకే వేసవిలో రెండు మూడు కౌంటీలకు ఆడే పరిస్థితి తెచ్చుకున్నప్పుడు, 1873లో ఒక కట్టుబాటు చేసుకున్నాయి. ఒక సీజనులో ఒకే కౌంటీకి ఆడాలి, అది పుట్టిన కౌంటీ అయినా కావచ్చు, నివాసమున్న కౌంటీ అయినా కావచ్చు, ఏదన్నది సీజను మొదట్లోనే ఆటగాడు తేల్చి చెప్పాలి. తర్వాతి కాలంలో దేశాల మధ్య ఆటకు ఇదే తర్కాన్ని విస్తరించారు. కూలి కోసం ఆడేవారిని అదుపులో పెట్టడానికి పుట్టిన నియమం జాతీయతను కొలిచే గజంగా మారడం ఈ చరిత్రలో గుర్తుంచుకోదగిన విషయం.

ఆ నియమం ఎంత బలహీనమైనదో బిల్లీ మిడ్‌వింటర్ జీవితం చూపిస్తుంది. ఇంగ్లండులోని గ్లాస్టర్‌షైర్ కౌంటీలో 1851లో పుట్టి, చిన్నతనంలోనే కుటుంబంతో ఆస్ట్రేలియా చేరిన ఇతడు, 1877 మార్చిలో మెల్‌బోర్న్‌లో జరిగిన తొట్టతొలి టెస్టులో ఆస్ట్రేలియా తరఫున 78 పరుగులిచ్చి 5 వికెట్లు తీశాడు. టెస్టు చరిత్రలో ఒక ఇన్నింగ్స్‌లో ఐదు వికెట్లు తీసిన మొదటి బౌలర్ ఇతడే. వెంటనే ఇంగ్లండు వెళ్లి, పుట్టిన కౌంటీకి ఆడాడు. మరుసటి ఏడాది ఆస్ట్రేలియా జట్టు ఇంగ్లండు పర్యటనకు వచ్చినప్పుడు ఇతడిని తమవాడిగా చేర్చుకుంది. 1878 జూన్ 20న లార్డ్స్ మైదానంలో మిడ్‌వింటర్ ఆస్ట్రేలియా తరఫున బ్యాటింగుకు సిద్ధమవుతుండగా, గ్లాస్టర్‌షైర్ నాయకుడు డబ్ల్యు.జి.గ్రేస్ తన వికెట్ కీపర్‌ను వెంటబెట్టుకొని వచ్చి, అతడిని ఒప్పించి గుర్రపు బండిలో ఎక్కించుకొని, నగరం అవతలి ఓవల్ మైదానంలో సర్రేతో ఆడాల్సిన తన జట్టులోకి తీసుకుపోయాడు. ఆస్ట్రేలియా మేనేజరు మరో బండిలో వెంటపడగా, ఓవల్ గేటు దగ్గర ఇరువర్గాల మధ్య మాటల యుద్ధం జరిగింది. గ్రేస్ తర్వాత ఆస్ట్రేలియన్లకు క్షమాపణ లేఖ రాశాడు గాని ఆటగాడిని మాత్రం వెనక్కి పంపలేదు.

మిడ్‌వింటర్ 1881-82లో ఇంగ్లండు జట్టుతో ఆస్ట్రేలియా వెళ్లి నాలుగు టెస్టులాడాడు, ఆ మరుసటి సీజనులోనే మళ్లీ ఆస్ట్రేలియా జట్టులో చేరాడు. మొత్తం ఆస్ట్రేలియాకు 8, ఇంగ్లండుకు 4 టెస్టులు. ఆస్ట్రేలియా తరఫున ఇంగ్లండు మీద, ఇంగ్లండు తరఫున ఆస్ట్రేలియా మీద ఆడిన ఏకైక ఆటగాడు ఇతడే. నాటి పత్రికలు అతడిని నిలకడ లేనివాడని ఎగతాళి చేశాయి. కానీ అతడు వృత్తి ఆటగాడు, అంటే మ్యాచ్‌కు ఇంత అని తీసుకొని దాని మీదే బతికేవాడు. ఇంగ్లండులో ఒక వేసవి, ఆస్ట్రేలియాలో ఒక వేసవి ఆడితే తప్ప ఏడాది పొడవునా అతడికి పని ఉండేది కాదు. భార్యను, ఇద్దరు బిడ్డలను వరుసగా పోగొట్టుకొని, మతి చలించి, 1890లో మెల్‌బోర్న్‌లోని మానసిక చికిత్సాలయంలో మరణించిన ఆ మనిషిని ఎగతాళికి వస్తువు చేయడం న్యాయం కాదు.

అతడి సమకాలికుల్లో ఇటువంటివారు ఇంకా ఉన్నారు. 1892 మార్చిలో కేప్‌టౌన్‌లో దక్షిణాఫ్రికాతో ఆడిన ఇంగ్లండు జట్టులో ఒకనాటి ఆస్ట్రేలియా నాయకుడు బిల్లీ మర్డాక్ ఉన్నాడు, ఆస్ట్రేలియా ఎడమచేతి బౌలర్ జె.జె.ఫెరిస్ ఉన్నాడు. ఇంగ్లండు తరఫున ఫెరిస్ ఆడిన టెస్టు అదొక్కటే, అందులో అతడు 13 వికెట్లు తీశాడు. అదే మ్యాచ్‌లో దక్షిణాఫ్రికా పక్షాన ఆడిన ఫ్రాంక్ హెర్న్ మూడేళ్ల కిందట ఇంగ్లండు తరఫున దక్షిణాఫ్రికా మీద ఆడినవాడు. ఈసారి ఎదుటి జట్టులో అతడి అన్నదమ్ములు ఇద్దరు, ఒక దాయాది ఉన్నారు. ఒక్క మ్యాచ్‌లో ఇన్ని గడపలు మారినవారు తారసపడటం ఆనాటివారికి వింతగా తోచకపోవడానికి కారణం ఉంది. అప్పటికి వీరందరూ ఒకే రాణి ప్రజలు. ఆస్ట్రేలియా అన్నా, కేప్ అన్నా, ఇంగ్లండు అన్నా ఒకే సామ్రాజ్యంలోని ప్రాంతాలే తప్ప, వేర్వేరు పౌరసత్వాలున్న దేశాలు కావు.

1909లో ఇంగ్లండు, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా బోర్డులు లార్డ్స్‌లో సమావేశమై స్థాపించిన ఇంపీరియల్ క్రికెట్ కాన్ఫరెన్స్, అంటే నేటి ఐసీసీకి తొలి రూపం, పేరులోనే ఈ సామ్రాజ్య భావనను చాటుకుంది. ఈ ఏర్పాటులో భారతీయులకు తమదంటూ జట్టు లేదు. కాఠియావాడ్‌లో పుట్టి కేంబ్రిడ్జిలో చదివిన రంజిత్‌సింహ్‌జీ 1896లో ఇంగ్లండుకు ఆడగలడా లేదా అన్న చర్చ వచ్చినప్పుడు, ఏ మైదానంలో టెస్టు జరిగితే ఆ మైదానపు సంఘమే జట్టును ఎంపిక చేసే పద్ధతి ఉండటంతో, లార్డ్స్‌లో చోటు దక్కని అతడికి మాంచెస్టర్‌లో దక్కింది. అక్కడ అతడు 62, ఆ తర్వాత అజేయంగా 154 పరుగులు చేశాడు. అతడి సోదరుడి కొడుకు దులీప్‌సింహ్‌జీ 1930లో ఆస్ట్రేలియా మీద తన మొదటి టెస్టులోనే లార్డ్స్‌లో 173 చేశాడు. వీరు భారత జట్టును వదిలి ఇంగ్లండుకు పోయారని అనడానికి వీల్లేదు. తెలుగు కుటుంబంలో పుట్టిన సి.కె.నాయుడు నాయకత్వంలో భారత్ తొలి టెస్టు ఆడింది 1932 జూన్‌లో గాని కాదు.

అదే ఏడాది డిసెంబరులో పటౌడీ నవాబు ఇఫ్తికార్ అలీ ఖాన్ ఇంగ్లండు తరఫున సిడ్నీలో తన తొలి టెస్టు ఆడి 102 పరుగులు చేశాడు. బ్యాటర్ శరీరాన్ని గురిచూసి వేగంగా బంతులు వేసే బాడీలైన్ వ్యూహంలో పాలుపంచుకోవడానికి అతడు ఇష్టపడలేదు, రెండు టెస్టుల తర్వాత జట్టులో చోటు పోయింది. పద్నాలుగేళ్లకు, 1946లో, అతడే భారత జట్టుకు నాయకుడై ఇంగ్లండు వెళ్లాడు. ఇంగ్లండుకూ భారత్‌కూ టెస్టులాడినవాడు అతడొక్కడే.

1946 నాటి ఆ భారత జట్టులో అబ్దుల్ హఫీజ్ అన్న పేరుతో లాహోర్ యువకుడొకడు మూడు టెస్టులాడాడు. 1952 అక్టోబరులో ఢిల్లీలో పాకిస్తాన్ తన మొదటి టెస్టును భారత్‌తో ఆడినప్పుడు, అబ్దుల్ హఫీజ్ కార్దార్‌గా ఆ జట్టును నడిపించింది అతడే. 1947 డిసెంబరులో సిడ్నీలో భారత్ తరఫున ఆడిన అమీర్ ఇలాహీ కూడా ఆ పాకిస్తాన్ జట్టులో ఉన్నాడు. నలభై నాలుగేళ్ల వయసులో, మద్రాసు టెస్టులో చివరి వికెట్‌కు జుల్ఫికర్ అహ్మద్‌తో కలిసి 104 పరుగులు జోడించాడు. భారత్‌కు 8 టెస్టులాడిన గుల్ మహమ్మద్ పాకిస్తాన్‌కు ఒకే ఒక్క టెస్టు ఆడాడు, 1956లో కరాచీలో. వీరి విషయంలో ఎవరూ నివాస కాలాన్ని లెక్కించలేదు. లెక్కించడానికి అర్థం కూడా లేదు, ఎందుకంటే వీరు దేశం మారకముందే దేశమే మారిపోయింది.

ఈ అధ్యాయంలో హైదరాబాదుకూ ఒక పుట ఉంది. 1955 నవంబరులో హైదరాబాదు ఫతే మైదాన్‌లో న్యూజిలాండ్‌తో జరిగిన టెస్టులో భారత జట్టుకు నాయకత్వం వహించినవాడు స్థానిక ఆఫ్ స్పిన్నర్ గులాం అహ్మద్. అతడి మేనల్లుడు ఆసిఫ్ ఇక్బాల్ 1943లో హైదరాబాదులోనే పుట్టి, హైదరాబాదు తరఫున రంజీ మ్యాచ్‌లు ఆడి, 1961లో పాకిస్తాన్‌కు వలస వెళ్లాడు. అక్కడ 1964లో టెస్టు జట్టులోకి వచ్చాడు. 1967లో ఓవల్‌లో ఓటమి అంచున నిలబడి 146 పరుగులు చేసి, ఇంతిఖాబ్ ఆలంతో తొమ్మిదో వికెట్‌కు 190 జోడించాడు. 1979-80లో పాకిస్తాన్ జట్టుకు నాయకుడై భారత్‌కు వచ్చి, కలకత్తాలో తన ఆఖరి టెస్టు ఆడాడు. ఒకే కుటుంబంలో మేనమామ భారత్‌కు, మేనల్లుడు పాకిస్తాన్‌కు నాయకత్వం వహించిన ఈ ఉదంతానికి తెలుగునేల మీద జరిగిన క్రికెట్ చరిత్రలో రావాల్సినంత ప్రాధాన్యం రాలేదు.

దేశ విభజన ఆటగాళ్లను ఒక్కసారిగా చెదరగొడితే, దక్షిణాఫ్రికా వర్ణ వివక్ష మూడు దశాబ్దాలపాటు ఒక్కొక్కరినే బయటకు నెట్టింది. కేప్‌టౌన్‌లో పుట్టిన బాసిల్ డి'ఒలివేరా తెల్లజాతివాడు కాకపోవడంవల్ల స్వదేశపు టెస్టు జట్టు తలుపు తట్టే వీలే లేక, వ్యాఖ్యాత జాన్ ఆర్లెట్ సాయంతో 1960లో ఇంగ్లండు లీగ్ క్రికెట్‌లో చేరి, నివాస అర్హతతో 1966లో ఇంగ్లండు జట్టులోకి వచ్చాడు. 1968 ఆగస్టులో ఓవల్‌లో ఆస్ట్రేలియా మీద 158 పరుగులు చేసినా, ఆ వెంటనే దక్షిణాఫ్రికా పర్యటనకు ప్రకటించిన జట్టులో అతడి పేరు లేకపోవడం పెద్ద దుమారం లేపింది; గాయపడిన మరొకరి స్థానంలో అతడిని చేర్చగానే దక్షిణాఫ్రికా ప్రధాని వోర్‌స్టర్ ఆ జట్టును రానివ్వబోమన్నాడు, పర్యటన రద్దయింది. రెండేళ్లలో దక్షిణాఫ్రికా అంతర్జాతీయ క్రికెట్‌కు పూర్తిగా దూరమైంది. నివాస అర్హత అనే చిన్న నియమం లేకపోతే డి'ఒలివేరా టెస్టు ఆటగాడే అయ్యేవాడు కాదు. ఈ నిబంధనల వల్ల జరిగిన మేలు ఏమిటని అడిగితే, మొదట చెప్పవలసిన పేరు ఇదే.

బహిష్కరణ మొదలయ్యాక తెల్లజాతి ఆటగాళ్లూ అదే దారి పట్టారు. అలన్ లాంబ్, రాబిన్ స్మిత్ ఇంగ్లండుకు ఆడారు. కెప్లర్ వెసెల్స్ ఆస్ట్రేలియా చేరి, 1982లో బ్రిస్బేన్‌లో తొలి టెస్టులోనే 162 పరుగులు చేసి, ఆ దేశానికి 24 టెస్టులాడాడు. నిషేధం తొలగాక స్వదేశానికి తిరిగివచ్చి నాయకుడయ్యాడు. 1992 ప్రపంచకప్‌లో సిడ్నీలో జరిగిన తమ మొదటి మ్యాచ్‌లో ఆస్ట్రేలియా మీదే అజేయంగా 81 పరుగులు చేసి గెలిపించాడు.

నివాస నిబంధన మనిషి మీద మోపిన భారం తెలియాలంటే గ్రేమ్ హిక్‌ను చూడాలి. రొడీషియాలో, అంటే నేటి జింబాబ్వేలో, 1966లో పుట్టిన హిక్ పదిహేడేళ్లకే 1983 ప్రపంచకప్ జట్టులో సభ్యుడు. జింబాబ్వేకు అప్పటికి టెస్టు హోదా లేదు, అంటే ఐదు రోజుల అంతర్జాతీయ మ్యాచ్‌లాడే అధికారం లేదు. టెస్టులాడాలంటే ఇంగ్లండుకు అర్హత సంపాదించాలి, దానికి ఏడేళ్లు వేచి ఉండాలి. ఆ నిరీక్షణలో అతడు వూస్టర్‌షైర్‌కు ఆడుతూ, 1988లో టాంటన్‌లో అజేయంగా 405 పరుగులు చేశాడు, అదే ఏడాది మే నెల ముగియకముందే వెయ్యి పరుగులు దాటాడు. ఏడేళ్లపాటు పెరుగుతూ వచ్చిన ఆశల బరువంతా మోస్తూ 1991 జూన్‌లో వెస్టిండీస్ ఫాస్ట్ బౌలర్ల ముందు నిలబడి, రెండు ఇన్నింగ్స్‌లోనూ ఆరేసి పరుగులకు అవుటయ్యాడు. రోజుల తరబడి సాగే దేశవాళీ మ్యాచ్‌లు, టెస్టులు అన్నీ కలిపి 136 సెంచరీలు చేసిన ఆ బ్యాటర్ టెస్టు సగటు 31 దగ్గరే ఆగింది.

హిక్ ఇంగ్లండు టోపీ పెట్టుకున్న మరుసటి ఏడాదే, 1992లో, జింబాబ్వేకు టెస్టు హోదా వచ్చింది. అక్టోబరులో హరారేలో భారత్‌తో జరిగిన ఆ దేశపు తొలి టెస్టులో నలభై అయిదేళ్ల ఆఫ్ స్పిన్నర్ జాన్ ట్రైకోస్, సచిన్ టెండూల్కర్‌ను సున్నాకే తన బంతికే క్యాచ్ పట్టి పంపాడు, ఇన్నింగ్స్‌లో ఐదు వికెట్లు తీశాడు. ఈజిప్టులో పుట్టిన ఈ గ్రీకు సంతతివాడు 1970లో దక్షిణాఫ్రికాకు మూడు టెస్టులాడి, బహిష్కరణ వల్ల ఇరవై రెండేళ్లపాటు నాలుగో టెస్టు కోసం ఎదురుచూశాడు. ఆటగాడి ప్రతిభ వయసుతో తరిగిపోయేది కాబట్టి, ఒక దేశానికి హోదా ఇవ్వడంలో జరిగే జాప్యం మొత్తాన్ని ఆటగాడే తన ఆయుష్షులోంచి చెల్లించుకోవలసి వస్తుంది.

1965లో ‘ఇంపీరియల్’ అన్న మాటను వదిలేసిన ఐసీసీ, అదే ఏడాది అనుబంధ సభ్యత్వం అనే కొత్త తరగతిని తెచ్చింది. టెస్టులాడే దేశాలు పూర్తి సభ్యులు. క్రికెట్ వేళ్లూనుకున్నా టెస్టు హోదా లేనివి అనుబంధ సభ్యులు. దేశం మారే నిబంధనలో అసలు చిక్కు ఈ విభజనలోనే ఉంది. ఇటీవలి దశాబ్దాల నిబంధనల ప్రకారం, పూర్తి సభ్య దేశానికి ఆడినవాడు వేరే దేశానికి ఆడాలంటే చివరి మ్యాచ్ నుంచి కొన్నేళ్లు, మొదట నాలుగు, ఇప్పుడు మూడు, ఆగాలి. అనుబంధ దేశం నుంచి పూర్తి సభ్య దేశానికి వెళ్లేవాడికి మాత్రం, తక్కిన అర్హతలుంటే, ఆ ఎదురుచూపు అవసరం లేదు. పైకి ఎక్కే మెట్టు దగ్గర గేటు లేదు, కిందికి దిగే మెట్టు దగ్గర తాళం ఉంది.

దీని ఫలితాన్ని ఐర్లండ్ అనుభవించింది. 2006 జూన్ 13న బెల్‌ఫాస్ట్‌లో ఐర్లండ్ తన మొదటి అధికారిక వన్డే ఆడినప్పుడు, ఎదుటి ఇంగ్లండు జట్టులో తొలిసారి ఆడుతున్నవాడు డబ్లిన్ పరిసరాల్లో పెరిగిన ఎడ్ జాయిస్. ఐర్లండ్ జట్టులో అతడి తమ్ముడు డొమినిక్ ఉన్నాడు. రెండు నెలలకు ఐర్లండ్ తరఫున తొలి వన్డేలో 99 పరుగులకు రనౌటైన ఇయాన్ మోర్గాన్, 2007 ప్రపంచకప్‌లో పాకిస్తాన్‌ను ఓడించిన జట్టులో ఆడి, 2009లో ఇంగ్లండుకు మారాడు. జాయిస్ వెనక్కి వచ్చి 2011లో బెంగళూరులో ఇంగ్లండును ఓడించిన ఐర్లండ్ జట్టులో ఆడాడు. వేగవంతమైన బౌలర్ బాయిడ్ రాంకిన్ ఇంగ్లండు వెళ్లి 2014 జనవరిలో సిడ్నీలో ఒక్క టెస్టు ఆడి తిరిగి వచ్చాడు. మహిళల క్రికెట్‌లోనూ ఇదే జరిగింది. ఐర్లండ్ బౌలర్ కిమ్ గార్త్ ఇప్పుడు ఆస్ట్రేలియాకు ఆడుతోంది. తన ఖర్చుతో, తన మైదానాల్లో ఆటగాడిని తీర్చిదిద్దిన చిన్న బోర్డుకు ఈ బదిలీల్లో నష్టపరిహారమంటూ ఏదీ లేదు. ఫుట్‌బాల్‌లో చిన్న క్లబ్బుకు దక్కే శిక్షణ పరిహారం వంటి ఏర్పాటు క్రికెట్‌లో రాకపోవడం న్యాయంగా లేదు.

నివాస కాలం ఎన్నేళ్లన్నది కూడా బలమైన బోర్డుల అవసరాన్ని బట్టి మారుతూ వచ్చింది. పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో పుట్టి, తల్లి వైపు నుంచి ఇంగ్లండు మూలాలున్న కెవిన్ పీటర్సన్ నాలుగేళ్ల నివాసంతో 2004లో ఇంగ్లండు జట్టులోకి వచ్చాడు. మరుసటి ఏడాది ఓవల్‌లో ఆస్ట్రేలియా మీద అతడు చేసిన 158, అదే మైదానంలో అదే ప్రత్యర్థి మీద డి'ఒలివేరా చేసిన పరుగులతో సరిగ్గా సమానం. 2012లో ఇంగ్లండు బోర్డు, పద్దెనిమిదేళ్లు నిండాక దేశానికి వచ్చినవారికి ఏడేళ్ల నివాసం ఉండాలని ఐసీసీ కంటే కఠినమైన నియమం పెట్టుకుంది. 2018 నవంబరులో దాన్ని మూడేళ్లకు తగ్గించింది. బార్బడోస్‌లో పుట్టి, వెస్టిండీస్ అండర్-19 జట్టుకు ఆడి, ఇంగ్లిష్ తండ్రి వల్ల బ్రిటిష్ పాస్‌పోర్టు పొందిన జోఫ్రా ఆర్చర్‌కు ఆ సడలింపుతో 2019 వసంతంలో అర్హత వచ్చింది. జూలై 14న లార్డ్స్‌లో ప్రపంచకప్ ఫైనల్లో, స్కోర్లు సమమైతే ఆడించే సూపర్ ఓవర్‌ను వేసింది అతడే. ఆ జట్టు నాయకుడు మోర్గాన్ డబ్లిన్‌వాడు, ఆ రోజు అజేయంగా 84 పరుగులు చేసిన బెన్ స్టోక్స్ ఎదుటి జట్టు దేశమైన న్యూజిలాండ్‌లో పుట్టినవాడు.

ఈ మధ్య ప్రవాహం రెండు వైపులా సాగుతోంది. సింగపూర్‌కు ఆడిన టిమ్ డేవిడ్ ఆస్ట్రేలియాకు మారి, 2022 సెప్టెంబరులో హైదరాబాదు ఉప్పల్‌లో 27 బంతుల్లో 54 పరుగులు చేయగా, దక్షిణాఫ్రికాకు ఆడిన డేవిడ్ వీస్ నమీబియాకు, న్యూజిలాండ్‌కు ఆడిన కోరీ ఆండర్సన్ అమెరికాకు వచ్చారు. అమెరికా జట్టు కథ తెలుగువారికి దగ్గరిది, ఎందుకంటే అది ప్రధానంగా ఉద్యోగ వలసల కథ. 2011లో గువాహటిలో అస్సాం మీద రంజీ మ్యాచ్‌లో 14 మందిని అవుట్ చేసి ప్రపంచ రికార్డు నెలకొల్పిన హైదరాబాదు వికెట్ కీపర్ ఇబ్రహీం ఖలీల్ తర్వాత అమెరికాలో స్థిరపడి ఆ దేశ జట్టుకు నాయకత్వం వహించాడు. 2010 అండర్-19 ప్రపంచకప్‌లో భారత్‌కు ఆడిన ముంబయి బౌలర్ సౌరభ్ నేత్రవల్కర్, ఇంజినీరు ఉద్యోగం చేసుకుంటూనే, 2024 జూన్‌లో డాలస్ దగ్గర పాకిస్తాన్ మీద సూపర్ ఓవర్ వేసి గెలిపించాడు. భారత్‌లో అవకాశం దొరకని ప్రతిభ ఎంత ఉందో ఇది చెబుతుంది. అదే సమయంలో, అమెరికాలోనే పుట్టి ఆట నేర్చుకుంటున్న పిల్లలకు జట్టులో ఎంత చోటు మిగులుతుందన్న ప్రశ్నను కూడా ముందుంచుతుంది.

2017 జూన్‌లో ఐర్లండ్‌కు టెస్టు హోదా లభించింది. 2018 మేలో మాలహైడ్‌లో పాకిస్తాన్‌తో ఆడిన తొలి టెస్టులో రాంకిన్ ఉన్నాడు, ముప్పై తొమ్మిదేళ్ల జాయిస్ ఉన్నాడు. జాయిస్ రెండో ఇన్నింగ్స్‌లో 43 పరుగులు చేసి రనౌటయ్యాడు, అదే నెలలో ఆటకు వీడ్కోలు పలికాడు. ఆ తర్వాత టెస్టుల కోసం ఇంగ్లండు జట్టుకు మారవలసిన అవసరం ఐర్లండ్ ఆటగాడికి లేకుండా పోయింది. ఏళ్ల తరబడి నిబంధనలు చేయలేని పనిని సొంత గడ్డ మీద దొరికిన అవకాశం చేసింది. అయితే పూర్తి సభ్యదేశపు ఆటగాళ్లను ఇంగ్లండు కౌంటీలు స్థానికులుగా లెక్కించవు. వారు విదేశీ ఆటగాళ్ల కోటాలోనే చేరాలి. లండన్‌లో పుట్టి, ఐరిష్ సంతతి వల్ల ఐర్లండ్‌కు ఆడిన టిమ్ మర్టా 2019 జూలైలో లార్డ్స్‌లో 13 పరుగులకే 5 వికెట్లు తీసి ఇంగ్లండును 85కు కుప్పకూల్చాడు. ఆ ఏడాది చివర్లో, మిడిల్‌సెక్స్ కౌంటీలో తన స్థానం నిలుపుకోవడానికి, అతడు ఐర్లండ్ జట్టునుంచి తప్పుకోవలసి వచ్చింది.